పందిట్లో వేలాడిన నా జామకర్ర

నాకు మూడో ఏట జ్వరం వచ్చి ఎడమకాలు సన్నబడిపోయింది. పోలియో అని తర్వాతెప్పుడో పెద్దాసుపత్రిలో చెప్పారట. మూడో తరగతితో బడి మానేశాను. కాలు వల్ల కాదు, ఎక్కాల వల్ల. పాపం కాలు వల్లేనని ఊళ్ళో అందరూ అనుకున్నారు. నేనూ కాదనలేదు.

నాకున్న ఆస్తి ఒక జామకర్ర. నాన్న కొమ్మ కోసి, నీడన ఆరబెట్టి, గాజుపెంకుతో గీకి నున్నగా చేశాడు. పైన చిన్న పంగ, నా అరచేయి సరిగ్గా కూర్చునేట్టు. అడుగున జారకుండా పాత సైకిలు టైరు ముక్క కొట్టాడు. దాంతో నేను నడవడమొక్కటే కాదు, చింతకాయలు రాల్చేదాన్ని, దండెం మీద బట్టలు లాగేదాన్ని, పందుల్ని తోలేదాన్ని, మంచం దిగకుండానే తలుపు గడియ తీసేదాన్ని. రెండు కాళ్ళూ బాగున్నవాళ్ళు గడియ కోసం లేచి వెళ్ళాలి కదా, వాళ్ళని చూస్తే నాకు జాలేసేది.

మా అమ్మకి మాత్రం ఆ కర్రంటే కంటగింపు. సాయంత్రం ఇంట్లో ప్రార్థన చేస్తూ, "ప్రభువా, ఈ పిల్ల కాలు..." అని ఎత్తుకుందంటే పొయ్యి మీద నుంచి దించిన అన్నం చల్లారిపోవాల్సిందే. అమ్మమ్మ ఒక కన్ను తెరిచి, "ఆయనకి మొదటి రోజే వినపడిందే. అన్నం పెట్టు" అనేది.

నాకప్పుడు పద్దెనిమిదేళ్ళు. డెబ్బైల్లో ఏ సంవత్సరమో చెప్పలేను గానీ, ఆ శుక్రవారం అమ్మ కట్టుకున్న నీలం వాయిల్ చీర అంచు మీద ఎన్ని మరకలున్నాయో చెప్పగలను. మిరప కల్లాలు జోరుగా సాగుతున్న రోజులు. మా చర్చి గుడి పక్క ఖాళీ స్థలంలో పందిరి వేసి మూడు రోజుల ప్రార్థన కూటాలు పెట్టారు. ఎక్కడో దూరం నుంచి పెద్ద ప్రసంగీకుడు వచ్చాడు. రోగాలు బాగుచేస్తాడని పేరు. శుక్రవారం ఉపవాస ప్రార్థన. పొద్దుట్నుంచి కాఫీ చుక్కయినా లేదు. మిట్టమధ్యాహ్నం అమ్మ నన్ను వేదిక ముందు నిలబెట్టింది.

"నమ్ముతున్నావా అమ్మా?" అన్నాడాయన మైకులో.

"నమ్ముతున్నానండి" అన్నాను. నమ్మితే తొందరగా ఇంటికి పంపిస్తారని కూడా అనుకున్నాను.

"అయితే ఇది నీకెందుకు?" అంటూ చేతిలో కర్ర లాగేసుకున్నాడు. "నడువు!"

చేత్తో మోకాలు నొక్కిపట్టి నాలుగడుగులు వేశాను. ఇంట్లో మంచం దగ్గర్నుంచి పొయ్యి దాకా రోజూ వేసే అడుగులే అవి. అప్పుడెప్పుడూ ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఇప్పుడు మాత్రం పందిరంతా "స్తోత్రం! స్తోత్రం!" అని లేచిపోయింది. అమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది. నా కర్రని తాడుతో పందిరి ముందు వాసానికి కట్టేశారు. అప్పటికే అక్కడ వేరే ఊళ్ళ నుంచి తెచ్చిన కర్రలు రెండు వేలాడుతున్నాయి. ఇంటికి పోతూ దారి పొడుగునా అమ్మ భుజం మీద వాలిపోయాను. చూసినవాళ్ళు సంతోషం పట్టలేక అనుకున్నారు.

ఇంటికి చేరగానే అమ్మ, "ఆదివారం ఆఖరి కూటంలో సాక్ష్యం చెప్పాలి నువ్వు. అయ్యగారితో చెప్పేశాను" అంది. అయ్యగారంటే మా గుడి పాస్టరు.

"ఏమని చెప్పాలే?"

"బాగుపడ్డానని."

"అమ్మా, నేను వాకిట్లోంచి ఇక్కడిదాకా గోడ పట్టుకునొచ్చాను."

"విశ్వాసం స్థిరపడాలే. టైం పడుతుంది."

నాన్న కత్తి తీసుకుని జామచెట్టు వైపు నడిచాడు. "మళ్ళీ కర్ర కోస్తే దేవుణ్ణి అనుమానించినట్టు కాదూ?" అని అమ్మ అడ్డం నిలబడింది. నాన్న వాదించే మనిషి కాదు. కత్తి చూరులో దోపేశాడు. తర్వాత నా పక్కన కూర్చుని, "ఆదివారం భోజనాలయ్యాక పందిరి విప్పుతారంట. వేలాడే కర్రలూ, మైకూ అన్నీ తర్వాతి కూటాలకి లారీలో విస్సన్నపేట పోతాయంట" అన్నాడు మెల్లిగా.

శనివారం పనికి వెళ్ళక తప్పదు. మిరపకాయల తొడిమలు తీసే పని. కూర్చుని చేసేదే గానీ, కల్లం గంపలగూడెం రోడ్డులో దూరంగా ఉంది. ఒక్కరోజు మానితే నా చోట్లో ఇంకొకరు కూర్చుంటారు. అమ్మమ్మ మూలనున్న రోకలి తెచ్చి నా చేతిలో పెట్టింది. "కర్ర కొయ్యొద్దన్నారు గానీ, రోకలి పట్టుకోవద్దని ఎవరూ అన్లేదుగా."

రోకలి ఎంత బరువో, దాన్ని పట్టుకుని నడిస్తే గానీ తెలీదు. బస్టాండు దగ్గర టీ కొట్టాయన పిలిచాడు. "ఏంటమ్మాయ్, రోకలెత్తావు, ఎవరింటి మీదికి?"

"స్వస్థతైంది కదా బాబాయ్. బలమెక్కువై మోస్తున్నా."

కల్లంలో ఆడవాళ్ళు ఊరుకుంటారా? "నిన్న నడిచావంటగా! ఏదీ, ఆ నీళ్ళకుండ దాకా నడిచి చెంబు ముంచుకురా" అంది ఒకావిడ.

"ముందు నీ నోరు బాగుపడనీ పిన్నీ, తర్వాత నడుస్తా."

నవ్వాం గానీ, సాయంత్రానికి అరచేతుల్లో పొక్కులు లేచాయి. పొక్కులు చితికి అందులోకి మిరపఘాటు దిగింది. ఆ రాత్రి నిద్ర పట్టక, పందిట్లో వేలాడే మిగతా రెండు కర్రల గురించి ఆలోచించాను. వాటివాళ్ళు ఏ ఊళ్ళో ఏ రోకళ్ళు పట్టుకుని తిరుగుతున్నారో!

ఆదివారం గుడి పక్క పందిరి నిండిపోయింది. అమ్మ ముందు వరసలో కూర్చుంది, మళ్ళీ అదే నీలం చీర, ఉతికి ఆరేసి. నన్ను చెయ్యి పట్టుకుని వేదిక ఎక్కించారు. మైకు నోటి ముందుకొచ్చింది. బాగుపడ్డానంటే కర్ర విస్సన్నపేట పోతుంది. బాగుపడలేదంటే ఇంతమందిలో అమ్మ తల ఎక్కడ పెట్టుకుంటుంది? పొక్కులు సలుపుతున్నాయి. నోటికొచ్చింది చెప్పేశాను.

"దేవునికి స్తోత్రం. నాకు ఒక మంచి కాలిచ్చాడు. రెండోదాని కోసం జామచెట్టునిచ్చాడు. అది కోసే నాన్ననిచ్చాడు. నా నడక కోసం పదిహేనేళ్ళు అన్నం చల్లార్చుకున్న అమ్మనిచ్చాడు. అన్నిటికీ వందనాలు. రేపు పొద్దున్నే కల్లానికెళ్ళాలి. ఆ మూడో కర్ర నాది, దించండి."

వెనకాల కల్లం ఆడవాళ్ళు కిసుక్కుమన్నారు. ప్రసంగీకుడు గొంతు సవరించుకుని, "అమ్మా, విశ్వాసం..." అన్నాడు.

"విశ్వాసం ఉందండి. కర్రే లేదు."

ఇంక పందిరంతా నవ్వు. అమ్మ మాత్రం నవ్వలేదు. లేచింది. వేదిక మీదికొచ్చి చెంప పగలగొడుతుందనుకున్నాను. ఆవిడ తిన్నగా వాసం దగ్గరికెళ్ళి, బెంచీ లాక్కుని ఎక్కి తాడు పట్టుకుంది. ముడి రాలేదు. ఎవరో కత్తి తెస్తామన్నారు. ఆగకుండా పళ్ళతో కొరికేసింది. కర్ర తెచ్చి నా చేతిలో పెట్టింది. అప్పుడు పొక్కులు చూసింది. నా అరచేయి ఒక్క క్షణం పట్టుకుని వదిలేసింది.

"దిగింక. మైకు దొరికితే వదలవు" అంది.

ఆ సాయంత్రం ఇంట్లో ప్రార్థనకి కూర్చున్నాం. అమ్మ కళ్ళు మూసుకుని, "ప్రభువా, ఈ పిల్ల కాలు..." అని అలవాటుగా ఎత్తుకుని, ఆగిపోయింది. అమ్మమ్మ ఒక కన్ను తెరిచింది. నేను రెండూ తెరిచాను.

"...కర్ర" అంది అమ్మ. "ఆ కర్రకి చెదలు పట్టకుండా చూడు తండ్రీ. అడుగున టైరు ముక్క అరిగింది, అది మేం చూసుకుంటాం. ఆమెన్."

ఆ రోజు మేం అన్నం వేడిగా తిన్నాం.