ఏడో అంకె

తూకం మిషన్లు బాగుచేసే ఆయన్ను వీధిలో అందరూ దశాంశం గారంటారు. కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, బల్ల మీదికి వంగి, ముక్కుతో పనిచేస్తున్నట్టు కూర్చుంటారు. కుడి మోకాలు మాత్రం కుట్టుమిషను తొక్కుతున్నట్టు ఆడుతూనే ఉంటుంది. ఈ మధ్య సొంతంగా ఒక సర్క్యూట్ కట్టారు. ఒక మైక్రోకంట్రోలర్, రెండు రెసిస్టర్లు, గోరంత కెపాసిటర్, అంతే. కెపాసిటర్ కరెంటుతో నిండడానికి ఎంతసేపు పట్టిందో మైక్రోకంట్రోలర్ లెక్కపెట్టి, వోల్టేజీని ఏడంకెల్లో చూపిస్తుంది. ఆరంకెలు రాయిలా నిలబడ్డాయి. ఏడోది మాత్రం కాలుకాలిన పిల్లిలా ఒకచోట నిలవలేదు.

ఆయన ఫ్యాన్ ఆపించారు. ఫ్రిజ్ ఆపించారు, పాలు విరిగాయి. కెపాసిటర్ అమ్మినవాణ్ణి ఫోన్లో కడిగిపారేశారు. అంకె ఆడుతూనే ఉంది. చివరికి భార్యను పిలిచి, "ఇంట్లో ఎవరు నడుస్తున్నారు?" అని అడిగారు.

"ఉన్నది మనిద్దరం. నేను కదలకుండా నిలబడే ఉన్నా," అని, ఆవిడ చెమట తుడుచుకుంటూ వంగి చూసింది. కింద మోకాలు బల్లకు తగులుతోంది. పైన కెపాసిటర్ అదే తాళంలో వణుకుతోంది.

"మీ కాలండీ," అంది.

ఆయన అరచేత్తో మోకాలు అదిమిపట్టారు. ఏడో అంకె నాలుగు దగ్గర ఆగింది.

"పెళ్లైన దగ్గర్నుంచీ చెబుతూనే ఉన్నా, ఆ కాలు ఊపొద్దని."

ఆయన కాసేపు నాలుగునే చూశారు.

"చెప్పావు గానీ," అన్నారు, "ఇంత కచ్చితంగా చెప్పలేదు."

ఆ మాట పూర్తవకముందే ఎడమ మోకాలు మొదలైంది. నాలుగు అయిదైంది.