రత్నక్క వద్దన్న అద్దాల తొట్టి

నిన్న పొద్దున ఫ్యామిలీ గ్రూప్‌లో మా రత్నక్క ఫోటో వచ్చింది. పుట్టినరోజేమో అనుకున్నా.

ఫోటో కింది మెసేజ్ నాకు చదివి వినిపించబోయి నా మనవరాలు ఆగిపోయింది.

పెనుకొండలో, నిద్రలోనే పోయిందట.

తొంభై దాటిన మనిషి. ఏ రోజైనా రావచ్చని తెలిసిన కబురే. అయినా షాకే.

నన్ను "పాపా" అని పిలిచే గొంతు ఈ లోకంలో అదొక్కటే మిగిలింది. ఇప్పుడు అదీ లేదు.

నాకు టైపింగ్ రాదు. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. మీలో చాలామందికి అక్క పెనుకొండ టీచరమ్మగానే తెలుసు. అంతకు ముందు సంగతి తెలిసినవాళ్లలో నేనొక్కదాన్నే మిగిలాను. అందుకే చెబుతున్నా.

మాది ధర్మవరం. పట్టుచీరలు నేసే ఇల్లు. నలభైల్లో, యుద్ధం ముగిసే రోజుల్లో, అక్కకు టీబీ వచ్చింది. అప్పటికి ఇంకా పెళ్లీడు కూడా రాలేదు. ఆ జబ్బు ఉన్న ఇంటి ముందు నడవడానికే జనం భయపడే కాలం.

పెరట్లో మగ్గం సామాన్లు పెట్టుకునే గదిలో అక్కను ఉంచారు. వేరే కంచం, వేరే చెంబు. అమ్మ గడప దగ్గర అన్నం పెట్టి వెనక్కి వచ్చేసేది. నన్ను కిటికీ దాకా కూడా పోనిచ్చేవాళ్లు కాదు.

గోడ అవతల పిల్లలు ఆడుకుంటుంటే, ఆ ఆట విని అక్క లోపల ఒక్కతే నవ్వుకునేది.

నాయన చీరలు అమ్మడానికి హిందూపురం పోయేవాడు. అక్కడ ఒక వ్యాపారి ఇంట్లో అక్వేరియం చూశాడు. ఇనుప ఫ్రేములో నాలుగు పక్కలా అద్దాలు, లోపల ఎర్ర చేపలు.

"మా పెద్దపాప ఒక్కతే ఉండాది" అని చెప్పి, అడిగి తెచ్చుకున్నాడు. ఎవరినీ ఏదీ అడగని మనిషి.

తొట్టి రైలు సీటు మీద, చేపలు మట్టికుండలో. పెనుకొండ స్టేషన్‌లో నీళ్లు మార్చడానికి దిగితే బండి కదిలింది. ఒక చేత్తో కుండ, ఒక చేత్తో పంచె పట్టుకుని పరిగెత్తాడట. కిటికీ దగ్గర నిలబడి నాయన అది చెబుతుంటే అక్క పగలబడి నవ్వింది.

చేపలకు పేర్లు పెట్టింది. పొద్దస్తమానం వాటితోనే మాటలు.

కొన్నాళ్లకు డాక్టర్ చూసి, జబ్బు పూర్తిగా తగ్గింది, ఇంట్లోకి తెచ్చుకోండి అన్నాడు. నాయన తల ఊపాడు.

కానీ అక్క గది మారలేదు. అవ్వకు భయం. చిన్నదాన్నని నా గురించి అమ్మకు భయం. రేపు, ఎల్లుండి అంటూ నెలలు గడిచాయి. చేపలున్నాయి కదా, కాలక్షేపం అవుతుందిలే అనుకున్నారు.

అప్పుడు తొట్టి పగిలింది.

మా చిన్నాయన, అక్క ఉన్న గదిలోంచి మగ్గం కర్ర బయటికి తీస్తుంటే కొన తగిలి ఒక పక్క అద్దం నిలువునా చీలింది. నేలంతా నీళ్లు. అక్క చేపలను ఒక్కొక్కటే తన చెంబులోకి ఎత్తుకుంది.

కేక విని అందరం పరిగెత్తాం. గడప దగ్గర ఆగిపోయాం.

నాయన తొట్టిని బయటికి తెచ్చి గోనెపట్ట చుట్టసాగాడు. "హిందూపురంలో అద్దం ఏపిచ్చుకొస్తాలే" అన్నాడు.

"బిరీన పోయిరా నాయనా. పెద్దపాపకు పొద్దు పోవల్ల గదా" అంది అవ్వ.

"వద్దు నాయనా" అంది అక్క.

"ఏమ్మా? ఒక్క అద్దమే గదా పోయింది. మళ్లా కొత్తదాని మాదిరి అయితాది."

"అది బాగయితే నన్ను ఈడనే ఉంచుతారు."

నాయన తల ఎత్తి అక్కను చూశాడు.

"తగ్గిపోయిందని డాక్టరు చెప్పలేదా? చేపలతో మాట్లాడీ మాట్లాడీ, మనుషులతో ఎట్ల మాట్లాడల్లో మర్చిపోతాండా నాయనా."

నాయన చేతులు ఆగిపోయాయి. గోనెపట్ట కింద పెట్టాడు. తర్వాత లేచి గదిలోకి పోయి, అక్క దుప్పట్లు చంకన పెట్టుకుని, చేయి పట్టుకుని ఇంట్లోకి నడిపించుకొచ్చాడు.

"ఏమన్నా అయితే అందరికీ అయితాది. పక్కకు జరుగుమ్మా" అన్నాడు అవ్వతో.

అవ్వ జరిగింది.

ఆ రోజు అక్క మా వరసలో కూర్చుని అన్నం తింది. అమ్మ వడ్డించింది. అక్క మా ముఖాలు ఒక్కొక్కటే చూస్తూ తింది.

చేపలు పెరటి రాతి తొట్టిలో కొన్నాళ్లు బతికాయి. అద్దాల తొట్టిని నాయన బాగు చేయించలేదు.

మేం ఇంట్లోకి రానిచ్చాం. ఊరు దగ్గరికి రానివ్వలేదు. అక్కకు సంబంధాలు రాలేదు. నా పెళ్లప్పుడు చుట్టాలు ఆమెను వెనక గదిలో ఉండమన్నారు. వినలేదు. మా నాయన నేసిన చీర కట్టుకుని ముందు వరసలోకి వచ్చి కూర్చుంది. ఆమెకు రెండు పక్కలా చాప ఖాళీగానే ఉండిపోయింది. పీటల మీద నుంచి నాకు అదే కనిపిస్తూ ఉండింది.

చదువుకుంది. టీచరైంది. పెనుకొండలో ఒక్కతే ఉండిపోయింది.

"నా దగ్గరికి వచ్చేయక్కా" అని ఎన్నిసార్లు ఫోన్‌లో అడిగానో.

"ఈడ నన్నెవరూ పెట్టలేదు పాపా. నేనే వచ్చినా" అనేది. ఒక్కసారి మాత్రం, "సాయంత్రాలే రోంత కష్టం" అంది.

నిన్న సాయంత్రం ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చున్నాను. ఎవరికి చేయాలో తెలియలేదు.

పోయిరా రత్నక్కా.
నువ్వు చేరిన చోట నీ చుట్టూ మనుషులుండాలి. నీ మనసు చల్లగా ఉండాలి.