మంత్రసానికి నాలుగో కత్తి

ఆదివారాలు చర్చి నుంచి నేరుగా అటే వెళ్ళేదాన్ని. గుంటూరులో మా కాలేజీ స్నేహితుడు అద్దెకుంటున్న మేడమీద గదిలో నలుగురం కలిసేవాళ్ళం. బల్ల చుట్టూ కూర్చుని, పాచికలు వేస్తూ, మాటలతోనే ఒక సాహసకథ ఆడతాం. ముగ్గురికి తలా ఒక పాత్ర. ఆ స్నేహితుడు కథ నడుపుతాడు. దారిలో ఎవరు ఎదురవుతారో, గెలిస్తే ఏ నిధి దొరుకుతుందో అతనే చెబుతాడు.

నా పాత్ర ఒక ముసలి మంత్రసాని. ఆమె ఊరి బావిలో ఎవరో విషం కలిపారు. ఆ నీళ్ళను బాగుచేసే వస్తువు కోసమే ఆమె ఇల్లు వదిలింది. ఇదంతా మొదటి రోజే రాసిచ్చాను. వారమంతా ల్యాబ్‌లో ఎవరెవరి రక్తాలో పరీక్షించే నాకు, ఆ ముసలమ్మతో గడిపే మధ్యాహ్నమంటే ప్రాణం.

ఎనిమిది నెలలు ఆడాం. నాకు దొరికినవి మూడు కత్తులు. మంత్రసాని కత్తి పట్టదు. బావి బాగుచేసే వస్తువేదైనా ఇవ్వవా అని రెండుసార్లు మెల్లగా అడిగాను.

"నిధి అడిగి పుచ్చుకునేది కాదు. దొరికింది తీసుకోవాలి, అదే మజా," అన్నాడు కథ నడిపేవాడు.

ఆట పద్ధతి అదేనేమోలే అని ఊరుకున్నాను.

మిర్చి యార్డులోంచి ఘాటు వచ్చి అందరం తుమ్ముతున్న ఒక ఎండాకాలపు ఆదివారం, గుహలో రాక్షసుణ్ణి చంపాం. విలుకాడి పాత్ర వేసే మిత్రుడికి నిప్పు బాణాలు దొరికాయి. నాకు నాలుగో కత్తి.

"నువ్వు కోరుకున్నవే దొరికాయే," అన్నాను విలుకాడితో.

"మొన్న ఫోన్ చేసి ఏం కావాలో అడిగాడుగా. నిన్నడగలేదా?"

మూడో ఆమె సత్తెనపల్లి నుంచి బస్సులో వచ్చే టీచరు. ఆమె తల దించుకుని, "నన్నూ అడిగాడు," అంది.

కథ నడిపేవాడి వైపు తిరిగాను. "మరి నన్నెందుకు అడగలేదురా?"

"నువ్వెలాగూ సర్దుకుంటావు కదా."

ఆ మాట ల్యాబ్‌లో పండగ డ్యూటీలు వేసేటప్పుడు విన్నాను. ఇంట్లో అడుగంటిన కూర నా కంచంలో పడినప్పుడు విన్నాను. ఆటలోనూ అదేనా?

"ఆడటానికొచ్చావా, బేరమాడటానికొచ్చావా తల్లీ?" అన్నాడు నా మొహం చూసి.

"మంత్రసాని కత్తిని అక్కడే పారేసింది. ఎవరి గాయానికీ కట్టు కట్టదు. వెళ్ళిపోతోంది. రాసుకో," అని బ్యాగు తీసుకుని లేచాను.

టీచరు నా చెయ్యి పట్టుకుని ఆపింది. "ఆమె వెళ్ళిపోతే గుహ దాటకుండానే చస్తాం. అయినా తను అడిగినదాంట్లో తప్పేముంది?" అని అతన్ని నిలదీసింది.

గంటసేపు వాదులాట. చివరికి ఒప్పుకున్నాడు. ప్రతి ప్రయాణానికి ముందు తలా ఒక కోరిక చీటీ మీద రాయాలి. అడిగినట్టే ఇవ్వాలని లేదు, ఎంత కష్టమైన దారైనా పెట్టొచ్చు. కానీ అందరినీ అడగాలి.

నా చీటీలోని కోరికకు దారిగా ఒక కొండ పెట్టాడు. రెండుసార్లు ఓడిపోయి, మూడోసారికి విషం విరిచే నీటిరాయి సాధించాం. మంత్రసాని దాన్ని తన ఊరి బావిలో వేసింది.

ఈమధ్య కొత్తగా చేరినవాళ్ళకి అతను గర్వంగా చెబుతున్నాడు, "మా దగ్గర అందరినీ అడిగే నిధి ఇస్తాం," అని.

"నేను లేచి వెళ్ళిపోబోతే మొదలుపెట్టాడు," అన్నాను.

నవ్వేశాడు. నేను నవ్వలేదు.