మా సజ్జ చేనుకు పంక్తిభేదం

మా చిన్నప్పుడు... విడవలూరు దాటి సముద్రం వైపు పోతే మా సజ్జ చేను. వానే ఆధారం. ఒక కొస ఇసుక మెరక, రెండో కొస పల్లం. మెరకలో పడ్డ వాన పడ్డట్టే ఇంకిపోయేది... పల్లంలో మాత్రం వాన వెలిసి చాలా రోజులైనా నేల చల్లగా తగిలేది.

సొసైటీలో తెల్ల ఎరువు అప్పుడే కొత్తగా ఇస్తున్నారు. చూడటానికి ఉప్పులా ఉండేది. అమ్మోనియా అనేవాళ్లం. నాయన, ఆయన అన్న మా పెదనాయన, మొదటి ఏడు దాన్ని చేనంతా ఒకే తీరుగా చల్లారు. వాన మొహం చాటేసింది. మెరక మీద పైరు మాడిపోయింది. పల్లంలో బతికింది గానీ ఎరువు చాలక పాలిపోయింది.

పెదనాయన విసిగిపోయారు. "ఇంకొక్క పంట చూస్తా. ఇదీ పోయిందంటే చేనంతా సరుగుడు పెట్టేస్తా" అన్నారు.

మా ఇంటిల్లిపాదికీ తిండిగింజలు ఆ చేనివే. సరుగుడు నాటితే నరికేదాకా ఏళ్ల తరబడి గింజ రాదు... అమ్మకు దిగులు పట్టుకుంది.

ఆ రోజుల్లో కోడలు బావగారితో నేరుగా మాట్లాడేది కాదు. అమ్మ తలుపు చాటున నిలబడి నాతో చెప్పేది. పెదనాయన అంతా వింటూనే, నేను చెప్పేదాకా విననట్టు కూర్చునేవారు.

"పాపా, మీ పెదనాయనతో చెప్పు... ఈసారి తెల్ల ఎరువు పల్లానికి ఎక్కువ వెయ్యమను. నడిమి వాలుకు కొంచెం. మెరకకు అసలొద్దు. ఆడ విత్తకముందే గొర్రెల మంద కట్టించమను."

నేను నోరు తెరిచేలోపే ఆయన అందుకున్నారు. "ఏందే ఇది, చేనుకు కూడా పంక్తిభేదమా? ఒకే బంతిలో కూర్చున్నోళ్లకి ఒకరికి నెయ్యీ, ఇంకొకరికి ఉత్త మెతుకులా? అడుగు మీ అమ్మను!"

"దాహంతో ఉండేవాడి నోట్లో ఉప్పు పోస్తారా అని అడుగు పాపా. మెరకలో పెంట పడితే కాస్త తడి నిలుస్తుంది. పల్లంలో తడి ఉండాది, పెట్టింది తింటుంది. ఆకలి చూసి వడ్డిస్తే పంక్తిభేదం ఎట్టయితాది?"

నాయన నవ్వాపుకోలేక తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. "నువ్వు నవ్వబాకరా, నీ పెళ్లాం చేనుకు కూడా దిష్టి తీసేటట్టుండాది" అని పెదనాయన దెప్పారు. కానీ మర్నాడే గొర్రెల కాపరికి కబురు పంపారు.

మెరక మీద మంద కట్టించారు. విత్తారు. పైరు లేచి, మంచి వాన పడ్డాక, తడి మీద అమ్మ చెప్పిన చోటనే తెల్ల ఎరువు చల్లారు.

ఆ తర్వాత వాన మళ్లీ మొండికేసింది... పక్క చేలల్లో మెరకలన్నీ ఎండాయి. మా మెరక మీద పైరు పొట్టిగానే ఉంది గానీ పచ్చగా నిలిచి కంకి వేసింది. ఇక పల్లంలో అయితే... నేను లోపలికి దూరితే బయటివాళ్లకు కనబడలేదు!

కోత రోజు పెదనాయన రెండు చేతుల నిండా కంకులతో వంటింటి గడప దాకా వచ్చారు. నా వైపు చూడనే లేదు.

"అమ్మాయ్! సరుగుడు మాట ఇంకెత్తను. వచ్చే ఏడు యాడ ఎంత వెయ్యాలో నువ్వే చెప్పమ్మా."

అమ్మ తలుపు చాటు నుంచి ఇవతలికి వచ్చింది. "ముందు కాళ్లు కడుక్కోండి బావగారూ, అన్నం తింటా మాట్లాడుకుందాం" అంది.

ఆ పూటతో నా రాయబారం ఉద్యోగం ఊడింది. అంత సంతోషంగా ఉద్యోగం పోగొట్టుకున్న మనిషి ఇంకొకరు ఉండరు...

ఇప్పుడు ఎరువుకు కరువు లేదు. ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా ఒకే లెక్కన కుమ్మరించి, పండకపోతే విత్తనాన్ని తిడుతున్నారు. మీ చేలో మెరక ఎటు, పల్లం ఎటు అంటే ఫోనులో మ్యాపు వెతుకుతున్నారు... చేని ఆకలి కనిపెట్టిన అమ్మలు మీ ఇళ్లలోనూ ఉండే ఉంటారు. వాళ్ల గురించి కింద కామెంట్లలో రాయండి. చప్పట్ల బొమ్మ పెట్టి తప్పించుకోవద్దు... ఊరి పేరు, పంట పేరు కూడా ఉండాలి.