అన్న చెయ్యి ఆనించిన చోటు

నిన్న పాత ఇనుము కొనే సాయిబు వచ్చి, పామిడి రోడ్డులోని మా అన్న షాపు నుంచి కంప్యూటర్‌తో నడిచే తొలి కోత మిషన్‌ను గొలుసులు కట్టి లారీకెక్కించుకుపోయాడు. పీడ వదిలిందనుకోవలసింది పోయి, నాకెందుకో కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆ రోజుల్లో బోరు మోటార్ల లోపల తిరిగే రెక్కల చక్రాలు చేసేవాళ్ళం. కట్టరు ఏ దారిన పోవాలో కంప్యూటర్‌లో గీసి పంపడం నా పని, దగ్గర నిలబడి కోయించడం అన్న పని. చేతి లేతు మీద బతికినవాడు కదా, చక్రాన్ని బిగించిన వైసు మీద ఎడమచెయ్యి ఆనించి, అదురును బట్టి కోత ఎలా సాగుతోందో చెప్పేవాడు. మిషన్ తనంతట తాను నడిచేదైనా ఆ అలవాటు మానలేదు. ఆ చేతుల మీదే మా రెండు కుటుంబాలూ బతికేవి.

వానల్లేక బోర్లన్నీ అడుగంటిన ఒక వేసవిలో కొత్త నమూనా చక్రం మొదలుపెట్టాం. రెక్క కొసన చిన్న వంపు తిరగవలసిన కట్టరు ఉన్నట్టుండి పక్కకు దూసుకుపోయి ఫట్టుమని విరిగింది, ముక్క అన్న చెవి పక్కనుంచి పోయి గోడరేకుకు తగిలింది. తెర మీద ఎన్నిసార్లు చూసినా వంపు నున్నగానే ఉంది. కారణం మాత్రం దొరకలేదు.

చక్రం కోసం గార్లదిన్నె నుంచి వచ్చిన వేరుశెనగ రైతు గడప దగ్గరే కూర్చున్నాడు. "బుడ్డలు ఎండిపోతాండాయన్నా, ఎట్లనో కానీయ్" అంటాడు. కరెంటు పోయే వేళ కూడా అవుతోంది. అన్న కొత్త కట్టరు బిగించి, చెయ్యి మళ్ళీ అక్కడే ఆనించాడు.

నాది మొదటినుంచీ మొండితనమే, ఇంట్లో అందరూ తిట్టేదీ అందుకే. కట్టరు తీయించి, దాని చోట బాల్‌పెన్ను బిగించి, వైసు మీద అట్టముక్క అతికించి నడపమన్నాను. "ఏందమ్మా, కరెంటు పోతాంటే బొమ్మలు గీసుకుంటా కూచుందామా?" అని అన్న అరిచాడు. అయినా నేను పట్టు వదల్లేదు.

పెన్ను రెక్క వెంబడి బుద్ధిగా పోయింది. కొస దగ్గర మాత్రం ఆగకుండా పెద్ద సున్నా చుట్టడం మొదలుపెట్టింది. అట్ట దాటి, ఇనుము మీద నీలిగీత గీసుకుంటూ, సరిగ్గా అన్న చెయ్యి ఆనించే చోటు మీదుగా పోయింది. ఆ వంపులో ఒక ముక్క పెద్ద సున్నాలోని వెంట్రుకంత తునకే కావడంతో, సాఫ్ట్‌వేర్ దశాంశాలు కుదించేసరికి దాని మొదలూ చివరా ఒకే బిందువైపోయాయి. బయలుదేరిన చోటికే రమ్మంటే మిషన్ పూర్తి చుట్టు తిరగమన్నారనుకుంది. తెర మీద ఆ ముక్క చుక్కగానైనా కనబడదు. అలాంటి ముక్కలన్నిటినీ తిన్నని గీతలుగా మార్చేలోగా కరెంటు పోయింది, రైతు ఆ రాత్రి షాపు అరుగు మీదే పడుకున్నాడు. అన్న ఎడమచెయ్యి చంకలో దాచుకుని కూర్చున్నాడు.

ఇప్పుడు అన్న లేడు. షాపు మేనల్లుడిది. కొత్త మిషన్లకు అద్దాల తలుపులున్నాయి గానీ, మూస్తే కోత కనబడదని తెరిచే నడుపుతున్నారు. మా కాలంలో పని నెమ్మది, భయం ఎక్కువ. ఇప్పుడు రెండూ పోయాయి. ముందుగా ఒకసారి గీయించి చూస్తున్నారా అని అడిగితే, "అంతా సాఫ్ట్‌వేరే చూసుకుంటాది లే అత్తా" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు, వాడి చేతుల వంకే చూస్తూ కూర్చున్నాను.