పత్తి చేనులో చంద్రుడి దూరం

2022లో, పత్తి తీతలు మొదలైన రోజుల్లో, బోథ్ దగ్గరి ఒక ఊరికి హద్దు కొలవడానికి వెళ్లాను. ఆదిలాబాద్‌లో లైసెన్సు సర్వేయర్‌గా పనిచేస్తున్నాను. లచ్చన్న, గంగారాం పక్కపక్క చేల రైతులు. ఒకప్పుడు పత్తి ఒకే బండిలో మార్కెట్‌కు వేసుకెళ్లేవారట. మధ్యనున్న హద్దురాయి వానలకు కొట్టుకుపోయాక మూడేళ్లుగా మాటల్లేవు. కొలతకు పిలిచింది గంగారాం.

ఉదయాన్నే టోటల్ స్టేషన్ నిలబెట్టాను. మూడు కాళ్ల స్టాండు మీద ఉండే ఈ యంత్రం వెలుగును పంపుతుంది. అవతల కర్రకు బిగించిన ప్రిజం అనే గాజు దాన్ని తిప్పి పంపుతుంది. వెలుగు వెళ్లి వచ్చిన తీరును బట్టి దూరం తెలుస్తుంది. అరవై దాటిన లచ్చన్న దాని ముందు నిలబడి కదలలేదు.

"గొలుసు గుంజకుంట ఎట్ల కొలుస్తవు బిడ్డా? గీ డబ్బ ఏం చెప్తె గదే నమ్మాల్నా?"

నీకు తెలిసిన దూరం ఒకటి చెప్పు కాకా, ముందు అదే కొలుద్దాం అన్నాను. బావి నుంచి కొట్టం దాకా తానే పైపులు వేశానని, ఇరవై అడుగులవి పదకొండు, అంటే రెండు వందల ఇరవై అడుగులని చెప్పాడు. ప్రిజం కర్ర ఆయన చేతికే ఇచ్చాను. యంత్రం మూడడుగులు తక్కువ చూపింది. లచ్చన్న కాసేపు ఆలోచించి నవ్వాడు.

"అతుకు అతుకుకు బెత్తెడు లోపలికి పోతది గద. పది అతుకులు. నీ డబ్బనే కరెక్టు."

అప్పటికింకా పడమట చంద్రుడు తెల్లగా కనిపిస్తున్నాడు. దాని దూరం కూడా ఈ డబ్బ చెబుతుందా అని లచ్చన్న అడిగాడు. నా యంత్రానికి అంత బలం లేదు కానీ, చంద్రుడి మీదికి వెళ్లినవాళ్లు అక్కడ ఇలాంటి అద్దాలే పెట్టి వచ్చారని, ఇక్కడి నుంచి పంపిన వెలుగు రెండున్నర సెకన్లలో తిరిగి వస్తుందని చెప్పాను. చుక్కల మీద అద్దాలెవరు పెట్టారని వెంటనే అడిగాడు.

బొటనవేలు ముందుకు చాపి ఒక కన్ను, తర్వాత రెండో కన్ను మూసి చూడమన్నాను. దూరపు తుమ్మచెట్టు ముందు వేలు పక్కకు జరిగినట్టు కనిపించింది. వేలు దగ్గరైతే ఎక్కువ జరుగుతుంది, దూరమైతే తక్కువ. చుక్కలకు రెండు కళ్ల మధ్య ఎడం చాలదు. అందుకే భూమి సూర్యుడికి అటువైపు ఉన్నప్పుడు ఒకసారి, ఆర్నెల్లకు ఇటువైపు వచ్చాక మరోసారి చూస్తారు. దీన్నే పారలాక్స్ అంటారు. మరీ దూరపువాటికి ఇదీ పనిచేయదు. ఆ తర్వాతి సంగతి ఎలా చెప్పాలా అని వెతుక్కుంటుంటే ఆయనే అందుకున్నాడు.

"పొద్దుమీకినంక రోడ్డు మీద ట్రాక్టరొస్తుంటె, లైటు సూసి ఎంత దూరమున్నదో నేన్జెప్త. దాని లైటు దగ్గర ఎంతుంటదో నాకెర్కే గద."

సరిగ్గా అదే పద్ధతి. సెఫీడ్ అనే చుక్కలు వెలుగుతూ మసకబారుతూ ఉంటాయి. ఆ లయను బట్టి వాటి అసలు వెలుగెంతో తెలుస్తుంది. మన కంటికి చేరే వెలుగును దానితో పోలిస్తే దూరం వస్తుంది. ఆ మాట చెబితే ఆయన ముఖం వెలిగిపోయింది. ఇక కొలువు బిడ్డా అని తప్పుకున్నాడు.

కొలిస్తే లచ్చన్న వేసిన పత్తిలో రెండు సాళ్లు గంగారాం వైపు తేలాయి. లచ్చన్నే ముందు గంగారాం దగ్గరికి నడిచాడు.

"ఎరుకలేక దున్నిన. రాయి పాతు."

"పాతుదాం గని, ఏసింది నువ్వు. గీ యేడు పత్తి నువ్వే తీసుకో" అన్నాడు గంగారాం. తర్వాత, గట్టు అవతలి నుంచి అంతా విన్నాడేమో, ఆ వేలు సంగతి తనకూ చెప్పమన్నాడు. లచ్చన్నే నేర్పాడు. ఇద్దరు ముసలి రైతులు వేళ్లు చాపి, కన్ను మార్చి కన్ను మూస్తూ పత్తి మధ్య నవ్వుతుంటే నేను సామాను సర్దడం మానేసి చూస్తూ ఉండిపోయాను.

అంతకుముందు పన్నెండేళ్లు, కాగితం మీద అంకె వేసి చేతిలో పెడితే నా పని అయిపోయిందనుకునేదాన్ని. భూమి పోతుందని తెలిసినా మనిషి ఒప్పుకోగలడు. ఆ లెక్క ఎలా వచ్చిందో అతనికి అర్థమై ఉండాలి, అంతే.