మామ ఇచ్చేసిన భజన చెక్కలు

నా చిన్నప్పుడే నా నోట తన నామం పలికించి, ఈ అరవై ఏళ్ళూ దాన్ని జారిపోనివ్వని కదిరి నరసింహస్వామికి ముందుగా దండం పెట్టుకుంటున్నాను. ఊపిరి ఆయనది. దాన్ని నిలబెట్టే దారులూ ఆయనవే.

పెనుకొండ దగ్గర మాది చిన్న మెట్ట ఊరు. శనివారం సాయంత్రమైతే భజన మందిరం ముందు చెక్క భజన జరిగేది. మగవాళ్ళు ఇద్దరిద్దరుగా ఎదురెదురు నిలిచి, గజ్జెలు కట్టిన చెక్కలు మోగిస్తూ, పాడుతూ అడుగులు వేసేవారు. అందరిలోకీ పక్కింటి మామ అడుగే అడుగు. ఆయన చెక్కలు వాళ్ళ నాయన చేసిచ్చినవి. వాటికి పసుపు కుంకుమ పెట్టి మొక్కేవాడు, ఇంకొకరిని తాకనిచ్చేవాడు కాదు.

ఆ ఏడు మామ భజనకు రావడం మానేశాడు. చేను బాగానే పండింది. ఇంట్లో గొడవలూ లేవు. అయినా తిండి సయించక, నిద్ర పట్టక, గోడకు ఆనుకుని అలా చూస్తూ ఉండేవాడు. గాలి సోకిందని అత్త తాయెత్తు కట్టించింది. భజన మానినందుకే స్వామికి కోపం వచ్చిందని ఊరంతా అన్నది. జబ్బు చేసినందుకే భజన మానేశాడని ఎవరికీ తట్టలేదు.

ఒక మధ్యాహ్నం మామ నన్ను పెరట్లోకి పిలిచి ఆ చెక్కలు నా చేతిలో పెట్టాడు. "నాకింక వీటితో పని లేదు పాపా, నువ్వే పెట్టుకో. ఎవురికీ చెప్పనని స్వామి మీద ఒట్టెయ్యి" అన్నాడు. నాకు ఎనిమిదేళ్ళు. సంబరంగా ఒట్టేశాను.

ఇంట్లో శనక్కాయల మూట వెనక దాచబోతే గజ్జెలు మోగాయి. మా అవ్వవి పాము చెవులు. ఎవరివని అడిగింది. స్వామి మీద ఒట్టు తప్పితే కళ్ళు పోతాయని నాకు నేర్పింది ఆమే. ఏడుస్తూ ఆ మాటే అన్నాను. అవ్వ నా తల నిమిరింది. "మనిషి పానం మీదికి తెచ్చే ఒట్టు స్వామి వినడే, పిచ్చిదానా. పోతే నా కండ్లే పోనీ, ఎట్లాగూ సగం పొయినాయి. చెప్పు."

చెప్పాను. ఎవరినీ తాకనివ్వని చెక్కలు ఇచ్చేశాడనగానే అవ్వ చేతిలోని చాట అక్కడే వదిలేసి, నేరుగా వెళ్ళి మామ పక్కన కూర్చుంది. "ఏమబ్బీ, సచ్చిపోవల్లనిపిస్తాండాదా నీకు?"

"అవేం మాటలు పెద్దమ్మా! లేని ఆలోచన నువ్వే పెడ్తాండావే!" అని అత్త అరిచింది. అవ్వ కదల్లేదు. మామ అవ్వ చెయ్యి పట్టుకుని, "అవును, శానా దినాల నుంచి" అని బావురుమన్నాడు.

ఆ రోజు నుంచి అవ్వ ఆయన్ని ఒంటరిగా ఉండనివ్వలేదు. భజన జట్టువాళ్ళు వంతులు వేసుకుని తోడు కూర్చున్నారు. మర్నాడు పొద్దున్నే బస్సెక్కించి హిందూపురం తీసుకెళ్ళారు. అక్కడి డాక్టరు, ఇది మనసుకు వచ్చే జబ్బు, నయమవుతుంది అని చెప్పి, చీటీ రాసి బెంగుళూరు పెద్దాసుపత్రికి పంపాడు. పిచ్చాసుపత్రికా అని నవ్వినవాళ్ళతో అవ్వ, "కాలిరిగితే భజన చేస్తా కూచుంటారా, కట్టు కట్టించుకుంటారా? తాయెత్తూ ఉండనీ, మాత్రా మింగనీ. రెండూ స్వామివే" అంది.

ఒక్కసారిగా తగ్గలేదు. మధ్యలో మళ్ళీ కుంగాడు, మళ్ళీ రైలెక్కారు. శ్రీరామనవమి నాడు మాత్రం మామ మా గడపలో నిలబడి, "పాపా, నా చెక్కలు యాడ పెట్టినావు?" అన్నాడు. ఆ సాయంత్రం ఆయన అడుగులకు ఊరు ఊరంతా లేచి నిలబడింది. సగం చూపుతోనే అవ్వ అంతా చూసింది. నా కళ్ళూ ఎక్కడికీ పోలేదు.

మామ మనవళ్ళకు కూడా ఆ అడుగులు నేర్పాడు. బాగా ముసలితనంలో ఒక శనివారం, భజనలో అందరి ముందూ నన్ను పిలిచి, "ఈసారి ఒట్టు వద్దులే" అని నవ్వుతూ చెక్కలు నా చేతికిచ్చాడు.

ఇప్పుడు ధర్మవరంలో మా ఆడవాళ్ళ భజన జట్టులో వాటినే మోగిస్తున్నాను. మందిరంలో స్వామి పటం పక్కనే, మనసు కుంగినవాళ్ళతో రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడే ప్రభుత్వ ఉచిత ఫోను నంబరు పెద్ద అక్షరాలతో రాయించాను. ఎవరైనా రెండు వారాలు రాకపోతే వాళ్ళింటికి వెళ్ళి, అవ్వ అడిగిన మాటే అడుగుతాను. అడిగినందుకు ఇంతవరకూ ఎవరికీ చెడు జరగలేదు. అడిగాక నేను తోడుండి ఆసుపత్రికి తీసుకెళ్ళినవాళ్ళు, నేను ఫోను కలిపి పక్కన కూర్చుంటే మాట్లాడినవాళ్ళు ఇప్పుడు నాతోపాటే పాడుతున్నారు.

చదువుతున్న మీరూ నాతో చేతులు జోడించండి. స్వామీ, దిగులుతో ఉన్నవాళ్ళకు చెప్పుకునే ధైర్యమివ్వు, మాకు అడిగే నోరివ్వు. ఈ దండం పెడుతుండగా మీ మనసులో ఎవరి ముఖమైనా మెదిలితే, లేచి వాళ్ళింటికి వెళ్ళండి.